నీళ్లు ఉమ్మడి, మడి ఎవరిది వాళ్లది

(విన్సెంట్ ఫెర్రర్ జ్ఞాపకార్థం చేసిన ఉపన్యాసపు పాఠం)

అనంతపురానికి ఆ పేరు చెరువు వల్ల వచ్చింది. పద్నాలుగో శతాబ్దంలో, విజయనగర బుక్కరాయల కాలంలో, చిక్కవొడెయరు కట్టించిన పెద్ద చెరువుకు ఒక కొసన బుక్కరాయసముద్రం, రెండో కొసన అనంతసాగరం వెలిశాయి. అనంతమ్మ అనే ఇల్లాలి పేరు మీదే అనంతసాగరమైందని ఇక్కడి ఐతిహ్యం. అదే చెరువుకు గండి పడబోతే ఊరిని కాపాడటానికి నీళ్లలోకి నడిచిపోయిన రెడ్డిగారి కోడలు ముసలమ్మ కథను కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణం’ అనే కావ్యంగా రాశాడు. అంటే పేరిచ్చిందీ ఆడమనిషే, ప్రాణమిచ్చిందీ ఆడమనిషే. తూము దగ్గర మాత్రం ఏ కథలోనూ ఆడమనిషి కనపడదు. తూము ఎత్తేది నీరుగంటి. నీరుగంటికి ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో చెప్పేది ఆయకట్టులో భూమి ఉన్న రైతులు.

ఫెర్రర్‌ను తలచుకునే సభలో ఈ సంగతితో మొదలుపెట్టడానికి కారణం ఉంది. 1920లో బార్సిలోనాలో పుట్టి, 1952లో జెస్విట్‌గా మన దేశానికి వచ్చిన ఆ మనిషి మహారాష్ట్రలోని మన్మాడ్‌లో చేసిన పనుల్లో పెద్దది బావులు తవ్వించడం. తవ్వే రైతుకు గోధుమలు, నూనె ఇచ్చేవాడు. బావి పూర్తయ్యేదాకా ఆ ఇంటికి తిండి ఆగకూడదన్నది లెక్క. 1968లో అక్కణ్నుంచి వెళ్లిపొమ్మన్నారు. 1969లో తిరిగి వచ్చి, ఇంకెవరూ ఎంచుకోని అనంతపురాన్ని ఎంచుకున్నాడు. మరుసటేడు యాన్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరూ కలిసి నడిపిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును జిల్లాలో పిల్లలు కూడా ఆర్డీటీ అనే అంటారు. 2009 జూన్ 19న ఆయన పోయాడు. బత్తలపల్లిలో సమాధి ఉంది. ఆర్డీటీ కట్టించిన ఇళ్ల పట్టాలు ఇంటి ఆడవాళ్ల పేరున రాయించడం ఈ జిల్లాలో ఎన్నో పల్లెలకు తెలిసిన సంగతి. తాగి వచ్చిన మొగుడు ఇంట్లోంచి పొమ్మంటే, పోవాల్సింది ఎవరో ఆ కాగితం చెబుతుంది.

ఇల్లు ఆమె పేరుకు వచ్చింది. నీళ్లు రాలేదు. ఆడవాళ్ల కూరగాయల తోటల గురించి నలభై ఏళ్లుగా ఎన్ని పథకాలు వచ్చినా, అవి ఏప్రిల్ దాటి బతకకపోవడానికి అసలు కారణం ఇదే.

ముందు వాన సంగతి. జిల్లాకు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర వాన. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే దించుకుని వస్తాయి. ఈశాన్య మేఘాలు ఇక్కడికి చేరేలోపే తూర్పు తీరంలో ఖాళీ అవుతాయి. దక్షిణాదిలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఇది ఒకటి. అయినా 550 మిల్లీమీటర్లు అంటే మరీ శూన్యం కాదు. చిక్కంతా అది పడే తీరులోనే. జూన్‌లో ఒక పదును, తర్వాత నెలన్నర ఎండ, మళ్లీ సెప్టెంబరులో రెండు రోజుల్లో కుండపోత. లోతు లేని ఎర్రనేల అంత నీటిని పట్టుకోలేదు. 2022 ఏప్రిల్‌లో పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది కానీ వాన ఆ గీతను పట్టించుకోలేదు. ఈ ఉపన్యాసంలో అనంతపురం అంటే పాత జిల్లా మొత్తమే.

ఈ నేల మీద ఆడవాళ్ల తోట ఒకప్పుడు లేదనుకుంటే పొరపాటు. అది పెరట్లో ఉండేది కాదు, చేలో ఉండేది. కొర్ర వేసినా, సజ్జ వేసినా, శనక్కాయ వేసినా మధ్యమధ్య అక్కడి సాళ్లు, అంటే అంతరపంట వరసలు, పట్టేవాళ్లు. కంది, అనుములు, అలసంద, గోగు, ఆముదం, గట్టు వారన మటిక్కాయ, కాకర. పెద్ద పంట బండెక్కి మండీకి పోతే మగవాడి లెక్క. అక్కడి సాళ్ల పంట ఒళ్లో వేసుకుని ఇంటికి వస్తే ఆడవాళ్ల లెక్క. ఆ సాళ్లకు వేరే నీళ్లు పెట్టే పని లేదు. పంట మధ్యలో మొలిచిన చెంచలి, దొగ్గలి, గురుగు కలుపూ అవుతాయి, కూరా అవుతాయి. కలుపు తీసే ఆడవాళ్లకు ఆ తేడా బాగా తెలుసు.

తర్వాత శనక్కాయ ఒక్కటే మిగిలింది. నూనెగింజల ధరలు, బ్యాంకు అప్పు, పంట బీమా అన్నీ దాని చుట్టూనే తిరగడంతో ఒక దశలో జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో అదే పంట. అంత పెద్ద చేలో అక్కడి సాళ్లు అడ్డం అనిపించాయి. వాటితో పాటే ఇంటి కూర కూడా సంతకు వెళ్లిపోయింది. శనక్కాయ బుడ్డలు అమ్మిన డబ్బుతో టమోటాలు కొనుక్కోవడం కొత్త అలవాటైంది. బుడ్డలు పండని ఏడాది టమోటాలూ లేవు. ఊరిబిండి, రాగిసంగటితో పూట గడుస్తుంది, నిజమే. ఒంట్లో రక్తం మాత్రం పట్టదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఈ అంకెకు కూర ఒక్కటే కారణమని అనలేం. కూర లేకపోవడం కారణాల్లో ఒకటి.

శనక్కాయ ముంచినప్పుడు రైతు బోరు వైపు చూశాడు. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి నీళ్లు చూసేవాళ్లకు చేతినిండా పని దొరికింది. వంద అడుగుల్లో పడిన నీళ్లు ఇవాళ ఎన్నో ఊళ్లలో ఎనిమిది వందలు, వెయ్యి అడుగులకు పోయాయి. లోతుకు పోయినకొద్దీ ఫ్లోరైడు. ఒక బోరు ఎండితే పక్కనే ఇంకొకటి. ఆ బోరు కోసం కుదువకు పోయేది ఆమె కమ్మలు, ఆమె గొలుసు. పాసుబుక్కులో పేరు ఆయనది, కరెంటు సర్వీసు ఆయనది, స్టార్టర్ పెట్టె తాళంచెవి ఆయన మొలతాడుకు. 2003లో దేశంలోనే ముందుగా మన రాష్ట్రం మొదలుపెట్టిన సూక్ష్మసేద్య పథకం డ్రిప్పు మీద రాయితీ ఇచ్చింది, కానీ బోరున్నవాళ్లకే. 2004లో వచ్చిన ఉచిత విద్యుత్తు కూడా మోటారున్నవాళ్లకే. నీటి మీద ప్రభుత్వం పెట్టిన ప్రతి రూపాయీ భూమి పట్టా వెంట నడిచింది. ఎవరో కుట్ర పన్ని చేసిన పని కాదిది. రికార్డు ఎవరి పేరున ఉంటే పథకం వాళ్ల ఇంటికి పోతుంది, అంతే.

చెరువుల్లోనూ అదే వరస. 1997లో వచ్చిన సాగునీటి సంఘాల చట్టాన్ని రైతులకు అధికారం ఇచ్చిన చట్టంగా దేశమంతా మెచ్చుకుంది. ఆ మెప్పు న్యాయమైనదే. అయితే సంఘంలో ఓటు ఆయకట్టులో భూమి ఉన్నవాళ్లకు, రికార్డుకెక్కిన కౌలుదార్లకు. అదే చెరువులో గేదెలను కడిగే ఆమె, బట్టలుతికే ఆమె, చెరువు ఎండితే బిందె పట్టుకుని రెండు మైళ్లు నడిచే ఆమె నీళ్లు వాడుకుంటుంది కానీ ఓటు వేయదు. ఆడపిల్లకు ఆస్తిలో సమాన వాటా ఇస్తూ 1985లో ఈ రాష్ట్రం చేసిన చట్టం కేంద్రం కంటే ఇరవై ఏళ్లు ముందుంది. దాని ఫలం పల్లెల్లో ఎంత దక్కిందో చూడాలంటే ఏ సాగునీటి సంఘం ఓటర్ల జాబితా అయినా తీసి చూడొచ్చు.

ఇప్పుడు కాస్త లెక్క. సెంటు నేల అంటే నలభై చదరపు మీటర్లు. మండువేసవిలో కూరమడికి రోజుకు ఐదు మిల్లీమీటర్ల నీళ్లు కావాలనుకుంటే, సెంటుకు 200 లీటర్లు. పదిహేను లీటర్ల బిందెలతో పదమూడు బిందెలు. నాలుగు నెలల ఎండాకాలానికి 24 వేల లీటర్లు. ఇక ఎకరం వరి ఒక పంటకు 1,200 మిల్లీమీటర్లు తాగుతుందనుకుంటే, దాదాపు 48 లక్షల లీటర్లు. ఎకరం వరి తాగే నీళ్లతో రెండు వందల ఇళ్ల కూరమళ్లు వేసవి నాలుగు నెలలూ పచ్చగా ఉంటాయి. నీళ్లు లేవన్నది అబద్ధం కాదు. కానీ కూరమడికి చాలినన్ని కూడా లేవన్నది అబద్ధం. బోరు కింద వరి నాటే ఊళ్లో ఈ మాట ఎవరూ గట్టిగా అనరు, ఎందుకంటే వరి ఎవరిదో అందరికీ తెలుసు.

కొళాయి నీళ్ల సంగతేమిటని అడగొచ్చు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలంటుంది. ఐదుగురున్న ఇంటికి 275 లీటర్లు. తాగగా, వండగా మిగిలినదంతా వాడుక నీరే. నిజంగా అన్ని వస్తే ఆ వాడుక నీళ్లే సెంటు తోటకు దగ్గర దగ్గరగా సరిపోతాయి. సబ్బునీళ్లు ఆకుకూరలకు నేరుగా పెట్టరాదు, అరటి, మునగ, కరివేపాకు మొదళ్లకు వదలొచ్చు. చిక్కల్లా మే నెలలో కొళాయి ఎన్నాళ్లకు ఒకసారి వస్తుందన్నదే. 1995లో సత్యసాయి ట్రస్టు ఏడు వందలకు పైగా గ్రామాలకు తాగునీళ్లు తెచ్చింది. పెన్నహోబిలం జలాశయం నుంచి శ్రీరామరెడ్డి పథకం గొట్టాలు హిందూపురం, మడకశిర దాకా పోయాయి. ఇవి రాకముందు బోరింగుల దగ్గర బిందెల వరసలు చూసినవాళ్లకు ఇవి ఎంత మేలు చేశాయో తెలుసు. తాగునీళ్లకని లెక్కగట్టి తెచ్చిన నీళ్లలో కూరమడికి మాత్రం చోటు పెట్టలేదు.

పెరటి తోట అనే మాటలోనే ఇంకో తిరకాసు. కోనసీమలో ఇంటి వెనక పెరడు ఉంటుంది. అనంతపురం పల్లెలో గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్లు. ఎస్సీ కాలనీలో రెండు మూడు సెంట్ల స్థలంలో ఇల్లు, స్నానాల గది, గొడ్డుకు చోటు పోగా మిగిలేది జానెడు. పెరడు ఉందనుకుని విత్తన పొట్లాలు పంచితే అవి అటక మీదకు పోతాయి. ఇక్కడ ఆడవాళ్ల తోట బతకాలంటే నలుగురూ కలిసి ఒకచోట వేసుకోవాలి. ఊరి బోరు పక్కన, బడి వెనక, చెరువు శిఖం అంచున, లేదంటే కౌలుకు తీసుకున్న ఇరవై సెంట్లలో.

ఆ ఇరవై సెంట్ల మాట ఊరికే అన్నది కాదు. 2016లో రైతు సాధికార సంస్థ చేతుల మీదుగా మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం పొదుపు సంఘాల గ్రామ సమాఖ్యల ద్వారానే ఊళ్లలోకి పోయింది. భూమి లేని ఆడవాళ్ల కోసం కొద్ది సెంట్లలో దుంపలు, ఆకుకూరలు, తీగలు, కాయగూరలు వరసగా కోతకొచ్చేలా వేసే పద్ధతికి ఏటీఎం అని పేరు పెట్టారు. ఎప్పుడు పోయినా పదో పరకో చేతికి వస్తుందన్న అర్థంలో. పేరు కాస్త గడుసుదే కానీ పల్లెల్లో పట్టుబడింది. 2018 ప్రాంతంలో ఈ జిల్లా మెట్టచేలలోనే ఇంకో ప్రయోగం చేశారు. వాన కోసం కాచుకోకుండా ఏప్రిల్, మే నెలల్లోనే నవధాన్యాలను మట్టి, బూడిద పట్టించి గుళికలుగా చేసి చల్లి, పైన శనక్కాయ పొట్టో చెత్తో కప్పడం. మంచు పదునుకూ, దారిన పోయే జల్లుకూ మొలిచినవి మొలుస్తాయి. చూసిన ముసలివాళ్లకు అక్కడి సాళ్లు గుర్తుకొచ్చి ఉండాలి. ఈ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ గుల్బెన్కియన్ బహుమతిలో వాటా దక్కింది. బహుమతి సంగతి అలా ఉంచితే, నవధాన్యాలు చల్లడానికి వాన చాలు. ఏడాది పొడుగునా కూర కోసే తోటకు మాత్రం వారానికి రెండు తడులైనా కావాలి. ఏటీఎం మడి ఎవరి బోరు కింద ఉంటే, ఆ బోరు ఆసామి ఊ అన్నన్నాళ్లే అది ఏటీఎం.

ఇక్కడ గొరంట్లవారిపల్లిని చెప్పుకోవాలి. నల్లచెరువు మండలంలోని చిన్న ఊరు. కరువును తట్టుకునే దారుల కోసం ప్రపంచ బ్యాంకు సాయంతో మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో నడిచిన కార్యక్రమంలో, వాసన్ సంస్థ తోడ్పాటుతో, అక్కడి రైతులు తమ బోర్లను గొట్టాలతో ఒకదానికొకటి కలిపారు. బోరున్నవాళ్లు బోరు లేనివాళ్ల పంటకు ఎండు సమయంలో రక్షక తడి ఇవ్వాలి. ఎవరూ కొత్త బోరు వేయకూడదు. లేనివాడి చేను ఎండకపోతే వాడు అప్పు చేసి ఇంకో బోరు వేయడు. వేయకపోతే ఉన్నవాడి బోరు ఇంకొన్నాళ్లు పోస్తుంది. ఔదార్యం మీద కాక లాభనష్టాల మీద కట్టిన ఒప్పందం కాబట్టే అది నమ్మదగినది. రాష్ట్రంలో ఏడు జిల్లాల్లో 2003 తర్వాత నడిచిన రైతుల భూగర్భజల యాజమాన్య పథకంలోనూ రైతులే బోరు నీటిమట్టం కొలిచి, ఉన్న నీళ్లకు తగ్గట్టు ఏ పంట వేయాలో లెక్కేసుకున్నారు. ఆ లెక్కల పలక మీద వరి, శనక్కాయ, పొద్దుతిరుగుడు ఉంటాయి. అదే పలక మీద ‘ఇంటి కూర’ అని ఇంకో గడి గీస్తే ఎవరికీ పోయేదేమీ లేదు.

ఉమ్మడి సేద్యం మీద మోజు కూడా అంత మంచిది కాదు. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు బీడు భూములు కలిసి కౌలుకు తీసుకుని జొన్న, కొర్ర, పప్పులు పండించారు. కలుపుగా తీసిపారేసే పదుల రకాల ఆకులు కూరేనని చాటారు. 2019లో ఈక్వేటర్ బహుమతి అందుకున్నారు. వాళ్లతో నాలుగు దశాబ్దాలు నడిచిన పి.వి. సతీష్ 2023 మార్చిలో పోయాడు. అది గెలిచిన కథ. దాని పక్కనే ఇంకో కథ ఉంది. ఆంధ్రప్రదేశ్ మహిళా సమత సొసైటీ 2000 దశకం మొదట్లో తెలంగాణ జిల్లాల్లో ‘సమత ధరణి’ పేరుతో ఆడవాళ్ల ఉమ్మడి సేద్యం పెట్టించింది. ఆ బృందాలను, కేరళ కుటుంబశ్రీ బృందాలను తర్వాత పరిశీలించిన ఆర్థికవేత్త బీనా అగర్వాల్, కేరళ బృందాలు సొంత కమతాల కంటే చాలా ముందున్నాయని, తెలంగాణ బృందాలు దిగుబడిలో వెనకబడి నికర ఆదాయంలో మాత్రం సమంగా నిలిచాయని తేల్చింది. కలిసి దున్నడం వల్లే పంట పండదు. ఎలాంటి భూమి దొరికింది, నీళ్లు ఉన్నాయా, వెనక నిలబడిన సంస్థ ఎన్నాళ్లు నిలబడింది అన్నవి చూడాలి.

ఈ చిక్కుకు ఒక దారి ఆఫ్రికాలో కనపడుతుంది. దాని వెనకున్న సంస్థల్లో ఒకటైన ఇక్రిశాట్ ప్రధాన కేంద్రం మన పటాన్‌చెరులోనే ఉంది. బెనిన్ ఉత్తరాన కలాలే అనే ఎండు ప్రాంతంలో ఆడవాళ్ల సంఘాలకు సౌర విద్యుత్తుతో నడిచే మోటారు, డ్రిప్పు గొట్టాలు ఇచ్చారు. అర హెక్టారు తోట, ముప్పై ముప్పై ఐదుగురు ఆడవాళ్లు. మోటారు ఉమ్మడి, తొట్టి ఉమ్మడి. మడి మాత్రం ఎవరిది వాళ్లది, ఒక్కొక్కరికి మూడు సెంట్లు. ఎవరి మడిలో పండింది వాళ్ల వంటింటికీ, వాళ్ల సంతకూ. జెన్నిఫర్ బర్నీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఆ ఇళ్లలో కూరగాయల వాడకం పెరిగింది, అమ్మకంతో చేతికి డబ్బూ వచ్చింది. పని పంపకంలో పేచీలు రావడానికి అక్కడ చోటు లేదు. సోమరి మడి ఎండుతుంది, పక్కామె మడి ఎండదు. పేచీ వస్తే నీళ్ల దగ్గరే రావాలి. ఆ నీళ్లు సంఘానివి.

మన దగ్గర సంఘం కొత్తగా పుట్టనక్కర్లేదు. 2000లో వెలుగు పథకం మొదలైన ఆరు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఇవాళ పొదుపు సంఘం లేని పల్లె లేదు. చెన్నేకొత్తపల్లి చుట్టూ టింబక్టు కలెక్టివ్ ఆడవాళ్ల పొదుపు సహకార సంఘాలు 1990ల నుంచీ సొంత డబ్బుతో నడుస్తున్నాయి. అప్పులిచ్చి వసూలు చేయడం, రిజిస్టర్లు రాయడం, ఎగవేసినవాళ్ల గడప ముందు కూర్చోవడం వీళ్లకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది కూడా 2006 ఫిబ్రవరి 2న ఈ జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. కుంటలు, ఫారం పాండ్లు తవ్విన చేతుల్లో సగానికి పైగా ఆడవాళ్లవి. తవ్విన కుంట ఎవరి చేలో ఉంటే నీళ్లు వాళ్లవి. చెరువు కట్టలో ముసలమ్మ కాలం నాటి ఏర్పాటే, కూలి మాత్రం కొత్తగా వచ్చింది.

కాలువ నీళ్లు వచ్చినా ఈ తగువు ఉంటుంది. శ్రీశైలం నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు హంద్రీ–నీవా ద్వారా 2012 నాటికి జీడిపల్లికి చేరాయి. పెనుకొండ దగ్గర గొల్లపల్లి జలాశయం నుంచి కియా కార్ల కర్మాగారానికీ అందుతున్నాయి. చెరువు నిండితే ఆయకట్టుకు ఎన్ని తడులో సంఘం తేలుస్తుంది. కర్మాగారానికి ఎన్ని నీళ్లో కాగితం మీద ఉంటుంది. కూరమడికి అలాంటి కాగితం లేదు.

ఆ కాగితం పెద్ద శాసనం కానక్కర్లేదు. 2002 నాటి వాల్టా చట్టం తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బోరు వేయరాదని ఇప్పటికే చెబుతోంది. ఆ అనుమతికి గ్రామ సమాఖ్య సంతకం కూడా కావాలని జత చేయొచ్చు. పగటిపూట తొమ్మిది గంటల ఉచిత విద్యుత్తులో, ఊరుమ్మడి బోరు ఒకటి, లేదా ఒప్పందానికి వచ్చిన రైతు బోరు ఒకటి, రోజుకు ఒక గంట కూరమళ్లకు పోయాలి. గంటకు ఎనిమిది వేల లీటర్లు పోసే బోరయితే ఆ గంటలో సెంటు చొప్పున నలభై మళ్లు తడుస్తాయి. ఆ గంట ఏది, స్టార్టర్ పెట్టె తాళం ఎవరి దగ్గర ఉండాలి, మోటారు కాలితే చుట్టించే ఖర్చు పొదుపు నుంచా పంచాయతీ నుంచా, వానలు పూర్తిగా ఎగ్గొట్టిన ఏడాది ముందు ఎవరి తడి తగ్గాలి అనేవి తేలకుండా విత్తనాలు పంచడం దండగ. ఇవన్నీ ఉగాదికి ముందే తీర్మాన పుస్తకంలోకి ఎక్కాలి. ఆ తర్వాత బోర్లు ఆగి ఆగి పోసే నెలలు వస్తాయి. అప్పుడు నీటి మీద కొత్త ఒప్పందానికి ఏ రైతూ సంతకం పెట్టడు.